మునీంద్ర ఎక్కించిన గ్యాసు

"నీకు బుద్ధుండాదా దేవదానం? ఏసీ గ్యాసు కోసం బండిని తీసుకుపోయి వైట్‌ఫీల్డులో మూడు రోజులు పడేస్తావా? నేనిక్కడ ఉండంగా?"

వర్తూరులో అంజినమ్మ టీ అంగడి ముందు నిలబడి మునీంద్ర గద్దించాడు. దేవదానం తల వంచుకున్నాడు. అతని చేతిలో కారు తాళం ఉంది. ముప్పై ఏళ్లనాటి కారు. దాని ఏసీకి పట్టే పాత రకం గ్యాసు ఇప్పుడు దొరకదు. కొత్త రకానికి మార్చాలంటే లోపలి నూనె, రబ్బరు వాషర్లు మార్చాలని, మిషన్ పెట్టి పైపుల్లో గాలంతా లాగెయ్యాలని వైట్‌ఫీల్డు మెకానిక్ చెప్పాడు. ఎల్లుండే కూతురు జెస్సీని, మూడు నెలల మనవడిని ఆదోనిలో దింపి రావాలి. మే నెల ఎండ. అదీ అతని దిగులు.

మునీంద్ర టాక్సీ తోలుతాడు. ఇందాక తన పాత కారును అంగడి పక్కన ఆపి, సిగరెట్టు వేళ్ల మధ్య పట్టుకుని, రోడ్డు దాటి అవతలికి పోయి ముట్టించుకున్నాడు. అది అయిపోయాకే ఇవతలికి వచ్చాడు. దేవదానం చూశాడు గానీ పట్టించుకోలేదు.

"నా బండిది కూడా నీ బండి వయసే కదప్పా. పోయిన నెల నేనే గ్యాసు మార్చినా. అర్ధగంట పని."

"గాలి లాగే మిషన్ ఉండాదా నీ దగ్గర?" అంది అంజినమ్మ, పాలు పొంగకుండా మంట తగ్గిస్తూ.

"మిషన్ ఎందుకక్కా? పైపు నోట్లో పెట్టుకుని పీల్చినా. ఒక్క పీలుపుకు పైపులన్నీ ఖాళీ, రెండో పీలుపుకు డ్యాష్‌బోర్డు లోపలికి సొట్ట పోయింది, ఇంకొంచెం లాగింటే డిక్కీలో స్టెప్నీ వచ్చి నా పండ్లకు తగిలేది, పాపం బండి అని వదిలేసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"స్టెప్నీలో గాలి కూడా పోయింటుంది," అన్నాడు బల్ల మీద కూర్చున్న ఎల్లయ్య మేస్త్రి.

"నవ్వు మేస్త్రీ, నవ్వు. గ్యాసు ఎక్కించి, ఏసీ ఒకటో నంబర్లో పెట్టి, ఒక సాఫ్ట్‌వేర్ సారును ఎక్కించుకున్నా. మారతహళ్లి దాటేసరికి సారు చలికి తట్టుకోలేక లాప్‌టాప్ సంచిలో కాళ్లు దూర్చుకున్నాడు. సిల్క్ బోర్డు సిగ్నల్లో అద్దం ఒక్క వేలంత దించినా, అంతే, చుట్టూ స్కూటర్లు స్టార్టు కాలే. పోలీసాయన ఫైన్ రాద్దామని వస్తే పెన్నులో ఇంకు గడ్డకట్టింది. వచ్చేటప్పుడు మన చెరువు కట్టమీద బండి ఆపి నాలుగు అద్దాలూ దించినా చూడు, నీళ్లమీద మురికికి లేచే ఆ నురగంతా రాయి మాదిరి బిగుసుకుపోయి, కొంగలు కాళ్లు ఇరుక్కుని అట్లే నిలబడినాయి! నేనే ఇంజనులోని వేడినీళ్లు పట్టుకొచ్చి పోసి, ఒక్కొక్కదాన్నే విడిపించినా."

"కొంగలు థాంక్స్ చెప్పినాయా?" అన్నాడు ఎల్లయ్య.

"కన్నడంలో చెప్పినాయి."

అందరూ నవ్వారు. దేవదానం కూడా నవ్వాడు. కొంగల్ని అతను నమ్మలేదు, చల్లదనాన్ని నమ్మాడు. అవసరంలో ఉన్న మనిషి అబద్ధంలోంచి తనకు కావలసినంత ముక్క తుంచుకుంటాడు. ఆ తప్పు చెప్పినవాడిది ఎంతో, విన్నవాడిదీ అంతే.

తాళం ఇవ్వబోతూ అడిగాడు. "అన్నా, ఇంతకీ ఏ గ్యాసు ఎక్కించినావు?"

"మంచి గ్యాసేలే. పేరు చెప్తే నీకు తెలీదు."

"నేను చెప్తా," అంది అంజినమ్మ. "ఇంటికి చుట్టాలు వచ్చినారని పోయిన నెల నా చిన్న సిలిండరు తీసుకుపోయినావు. ఖాళీది తెచ్చి పడేసినావు. మీ ఇంటామె సుంకమ్మను అడిగితే, చుట్టాలూ రాలేదు, సిలిండరూ చూడలేదనింది."

దేవదానం చెయ్యి ఆగిపోయింది. రోడ్డు అవతల వెలిగిన సిగరెట్టు గుర్తొచ్చింది.

"మునీంద్రన్నా, ఒక పని చెయ్యి. నీ బండిలో కూర్చో. అద్దాలు ఎక్కించి, ఏసీ వేసుకుని, ఒక్క సిగరెట్టు ముట్టించు. ముట్టిస్తే ఈ తాళం నీకే."

మునీంద్ర చెయ్యి జేబుదాకా పోయి వెనక్కి వచ్చింది.

"సిగరెట్లు మానేసినాలే అప్పా," అన్నాడు. మాటతో పాటు పొగ వాసన వచ్చింది.

ఎవరూ నవ్వలేదు. మనవడిని ఆ వంటగ్యాసు పక్కన పడుకోబెట్టి ఆదోనిదాకా తోలబోయానని దేవదానానికి అప్పుడు తెలిసింది. తాళం జేబులో వేసుకుని, రెండు రోజులు ఆలస్యమవుతుందని వియ్యంకుడికి ఫోన్ చేశాడు.

మునీంద్ర గొణుగుతూ తన కారు వైపు నడిచాడు.

"స్టార్టు చెయ్యొద్దు!" అంజినమ్మ అరిచింది. "నా పొయ్యి వెలుగుతా ఉండాది. తోసుకుపో."

నాలుగు తలుపులూ తెరిచి, ఒక చెయ్యి స్టీరింగు మీద వేసి, భుజం ఆనించి, మిట్టమధ్యాహ్నపు ఎండలో మునీంద్ర ఒక్కడే ఆ కారును ఖాళీ జాగాదాకా తోశాడు. సాయానికి ఎవరూ లేవలేదు. తర్వాత వైట్‌ఫీల్డు మెకానిక్కే వచ్చి గ్యాసు జాగ్రత్తగా తీసేశాడు. నూనె మార్చకుండా తిప్పినందుకు ఏసీ కంప్రెసర్ పాడై, పాత ఇనుము కింద గుజిరీకి పోయింది.

ఆ వేసవంతా మునీంద్ర అద్దాలు దించుకుని, వేడిగాలి మింగుతూ బండి తోలాడు. అంగట్లో అతను ఏ గొప్ప ఎత్తుకోబోయినా, ఎల్లయ్య అగ్గిపెట్టె తీసి అతని ముందు పెట్టేవాడు. మునీంద్ర టీ తాగేసి లేచి వెళ్లిపోయేవాడు.