రెండేళ్లుగా తెరవని ఫైళ్లు

కాదు వదినా, మీరే చెప్పండి, హార్డ్ డిస్కులో సూది మోపే చోటు లేకపోతే కంప్యూటర్ ఎలా నడుస్తుంది? ఆన్ చేసి స్నానానికి వెళ్లొస్తే గానీ తెరుచుకునేది కాదు. ఎనిమిదేళ్లలో ఒక్కనాడైనా సర్దారా? మిక్సీ గ్యారంటీ కాగితమే నాలుగు కాపీలు!

కూర్చోండి. ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యండి, అన్నయ్య పక్క గదిలోనే ఉన్నాడు. రెండేళ్ల కిందటి ఆపరేషన్‌తో మాట పోయింది గానీ, ఆయనవి పాము చెవులు.

నిన్న డిస్కు చచ్చిపోయిందని చెప్పాను చూశారూ... అదీ... అది చావలేదు. శుభ్రంగా ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు దాని మీదికి నెట్టేశాను.

అలా చూడకండి వదినా. చెబుతున్నాగా.

పదిహేనేళ్లుగా నడుపుతున్నాను రిపేరు షాపు. నాకో పద్ధతుంది. రెండేళ్లుగా ఎవరూ తెరవని ఫైలుంటే అది చెత్తే. అలాంటివన్నీ ఒకచోటికి లాగి ఒక్కసారే తీసేస్తాను. ముందు కాపీ తీసుకోవాలి, అవును! షాపుకొచ్చిన వాళ్లందరికీ క్లాసు పీకేది నేనే. మనింటి కంప్యూటరే కదా అని బద్ధకించాను.

వాటిల్లోనే ఉన్నాయి, అన్నయ్య మీ చిన్నదానికి కథలు చెబుతూ రికార్డు చేసినవి. నలభై ఒకటి.

తిరిగి తియ్యొచ్చు కదా అంటారా? తియ్యొచ్చు, వెంటనే కంప్యూటర్ ఆపేసి ఉంటే. నేను ఆగితేగా! చోటు దొరికింది కదా అని, ముక్కలుగా చెదిరిన ఫైళ్లన్నిటినీ దగ్గరికి చేర్చమని పెట్టి టీకి పోయాను. ఆ కథలున్న చోట ఇప్పుడు కరెంటు బిల్లులు కూర్చున్నాయి. నాలుగు రోజులు వెతికాను. ఒక్క మాట కూడా రాలేదు.

నిన్న మీరు వంటింట్లోకి వెళ్లాక అన్నయ్య కాగితం మీద రాసిచ్చాడు: "పోనీలేరా, పాతదైపోయింది, నువ్వేం చేస్తావు?" వీపు నిమిరాడు కూడా. సిగ్గుతో చచ్చిపోయాను వదినా.

మీరు వాటినెందుకు ముట్టుకోలేదో ఇప్పుడు తెలిసింది. ఆ గొంతు వినబడితే ఆయన తట్టుకోలేడని. నా బుర్రకి ఆ మాత్రం తట్టలేదు.

చూసుకోక చెరిపేశాననుకుంటున్నారు కదూ? అలాగే అనుకోనిద్దామనే వచ్చాను. కాదు. పేర్లు చూశాను. "చిన్నదానికి, ఒకటో కథ." వేలు ఆగింది కూడా. ఎవరూ వినట్లేదుగా, ఎందుకులే అనుకుని నొక్కేశాను.