మూడో పేరాలోని వార్త

కొల్హాపూర్ ఆస్పత్రిలో రోగులకు ఉత్తరాలు రాసే ఆమె, బల్ల ముందు నిలబడ్డ ముసలాయన చేతిలోని కాగితాన్ని చూడగానే గుర్తుపట్టింది. ఏడు నెలల కిందట తను రాసినదే.

"మా ఆవిడ శేవంతను పై వార్డులో చేర్చుకున్నారు తాయీ. రొమ్ములో గడ్డ ముదిరిపోయిందట. ముందే ఎందుకు తేలేదని డాక్టరు నన్ను కసిరాడు."

"ఈ ఉత్తరం అందింది కదా కాకా. అప్పుడే ఎందుకు రాలేదు?"

"తొందరని ఇందులో ఎక్కడుంది? మనవరాలు మొత్తం చదివి వినిపించింది. పరీక్షకు వచ్చినందుకు ధన్యవాదాలన్నారు. మీ ఆరోగ్యమే మా ఆనందమన్నారు. శేవంత మురిసిపోయి దీన్ని దేవుడి గూట్లో పెట్టింది. ఆ పూట పండగలా తీపి పూరణ్‌పోళీలు కూడా చేసింది."

ఆమె ఆ కాగితం అందుకుని బల్లమీద పరిచింది.

"గోడమీద ఆ పటం నీదేనా తాయీ?"

"నాదే. ఆఫీసు ఉత్తరాలు రాయడం నేర్పే కోర్సు సర్టిఫికెట్. క్లాసులో నేనే ఫస్టు."

"ఏం నేర్పారేంటి?"

"చెడ్డ వార్తను మొదట్లో చెప్పకూడదని. చివర్లోనూ చెప్పకూడదట. ముందు ధన్యవాదాలు, ఆఖర్న మంచిమాట, మధ్యలో వార్తను మెత్తగా పెట్టాలి. చదివేవాళ్ల మనసు నొచ్చుకోకూడదు కదా."

"మంచి పద్ధతే. మరి ఇందులో చెడ్డ వార్త ఏది?"

ఆమె మూడో పేరా మీద వేలు పెట్టింది.

"నాకు అక్షరాలు రావు తాయీ. నువ్వే చదువు."

"'మరికొన్ని పరీక్షలు అవసరం కావచ్చు. వీలు చూసుకుని రాగలరు.'"

"ఇదా? ఇది విన్నాం తాయీ. వీలు చూసుకునే వచ్చాం. చెరకు కోతలు అయిపోయాకే బయలుదేరాం."