హుసేనయ్య తెడ్డుముక్కు కారు

ముక్కు బాగలేదన్నారా? ఏదీ, ఆ ఫోను ఇట్టా దగ్గరికి పెట్టు, నాకు కుడికన్ను సరిగ్గా ఆనదు. ఊ. బానే ఉండాదే. పాత మోడలుకి ముక్కు గుండ్రంగా ఉండేదా, దీనికి కోసుగా పెట్టినారా? అందుకని మీ కార్ల పిచ్చోళ్ళంతా కూర్చోని తిట్టిపోస్తా ఉండారా? తిట్టనీలే అబ్బయ్యా. కొత్త మొహం చూస్తే ముందు నోట్లోంచి వచ్చేది తిట్టే. మా హుసేనయ్య కారు బయటికి వచ్చిన రోజు ఈ ఉదయగిరి బస్టాండులో జనం తిట్టను గూడా తిట్టలా. నోళ్ళు తెరుచుకోని అట్టనే నిలబడిపొయ్యినారు. హుసేనయ్య ఎవురంటావా? నీకెట్టా తెలస్తాడు, మీ నాయన గూడా పుట్టలేదప్పటికి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు, అంటే యాభై నాలుగు. నాకు ఇరవై రెండేళ్ళు. చెంచమ్మను చేసుకోని ఏడాది అయినట్టుండాది, కాదు, ఏడాదిన్నర.

హుసేనయ్యంటే సాయిబనుకునేవు, కాదు, మనోళ్ళే. వాళ్ళమ్మ పేట దర్గాలో మొక్కుకుంటే పుట్టినాడు, అందుకని ఆ పేరు. మన పక్కన ఇంటికొకడు ఉండేవాడు అట్టాంటి పేరుతో. ఉదయగిరి నించి ఆత్మకూరుకు పొయ్యే బస్సుకి డ్రైవరు. నల్లగా, పొడుగ్గా, చేతులు మోకాళ్ళ దాకా ఉండేయి. మోటారంటే పిచ్చి. పిచ్చంటే మీ మాదిరి ఫోన్లో చూసే పిచ్చి కాదు. ఏదన్నా బండి కొండ మలుపులో అవతల వస్తా ఉంటే ఇక్కడ టీ గ్లాసు కింద పెట్టి, "నాలుగో సిలిండరు సరిగా కాలడం లేదురా" అనేవాడు. బండి వచ్చి ఆగితే నిజంగా అదే. అంతకు ముందు ఆత్మకూరులో జనార్దనయ్య గారని ఒక మోతుబరి దగ్గర కారు తోలినాడు. టాపు లేని పాత సీమ కారు, ఇంగిలీషోళ్ళది, దాని పేరు నాకు నోరు తిరిగేది కాదు. ఆయన కొత్తది తెచ్చుకోని దీన్ని కొట్టంలో పెట్టేస్తే కోళ్ళు దాంట్లో గుడ్లు పెట్టినాయి. ఒకనాడు ఆయనే పిలిచి, "రే హుసేనయ్యా, దీని రోగం నీకే తెలుసు, తోలుకోని పోరా" అన్నాడంట. తోలుకోని వచ్చినాడు. పెట్టను చోటు లేక మా పెరట్లో పెట్టినాడు. అట్టా తగులుకునింది నాకు.

నేనేం పని చేస్తాననేది తెలుసు గదా, ఈ చెక్క స్పూన్లు, ఫోర్కులు, తెడ్లు. ఇప్పుడు చెయ్యి వణకతా ఉండాది గానీ అప్పట్లో నర్ది చెక్క ఒక్కటి చేతికిస్తే సాయంత్రానికి డజను స్పూన్లు దించేవాణ్ణి. వాటిని చుట్టను నెల్లూరు నించి పాత ఇంగ్లీషు పేపర్లు కట్టలు కట్టలు వచ్చేయి. ఒకనాడు మధ్యాన్నం హుసేనయ్య బస్సు ఆపుకోని వచ్చి, నాతో మాట్లాడతా మాట్లాడతా స్పూన్లు చుట్టతా ఉన్నవాడు ఉన్నట్టుండి ఆగిపొయ్యినాడు. చేతిలో పేపరు. దాంట్లో కారు బొమ్మ. నేలకి ఆనుకోనుండాది, ముక్కు ఇంత పొడుగు, ఎనక తోక సన్నం. లోపల ఒక మనిషి తల. ఆ కాయితాన్ని హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే గోపాలయ్య పంతులు దగ్గరికి ఎత్తుకోని పొయ్యినాం. ఆయన అద్దాలు పెట్టుకోని చదివి, "సీమలో పందేల కారు గదయ్యా ఇది. పాత రూపం మార్చి కొత్తగా చేసినారంట. ఇదేం కారు, ఏనుగు తొండమా అని అక్కడ జనం గగ్గోలంట" అన్నాడు. హుసేనయ్యకి గగ్గోలు వినపడలా. పాత రూపం మార్చినారనే మాట ఒక్కటే పట్టుకున్నాడు. "ఓబులయ్యా, మార్చచ్చంటరా" అన్నాడు. నేను బొమ్మను తిప్పి తిప్పి చూసి, "దీన్లో ఏముంది, పెద్ద తెడ్డు గదా" అన్నాను. నా నోటి తుత్తర.

తప్పు ఆడనే జరిగింది, చెప్తాను ఇను. స్పూను చేసేవాడు ఒక పక్కే గీసుకుంటాడు. ఆ పక్క గురించి ఆలోచనే ఉండదు, అది దీన్నిబట్టే వస్తాది. ఏ చెక్క తీసుకున్నా నా కన్ను అంతకే అలవాటు. ఆ బొమ్మ కుడిపక్క నించి తీసిందే. కుడిపక్క మనిషి కూర్చోనుండాడు, ఆ అవతల ఏముండాదో బొమ్మలో కనపడదు, నున్నగా మూసుంటాదనుకున్నాం. మేమూ అట్టనే చేసినాం. ఎనిమిది నెలలు. పాత బాడీ అంతా ఊడబెరికినాం. చక్రాలూ ఇంజనూ ఉంచి, మీద అడ్డకర్రలు వేసి, ముక్కు నేనే చెక్కతో చెక్కి, మీద రేకు తొడిగించినాం. అది తెడ్డు కాదు అంటే నేనే ఒప్పుకోను, అచ్చం తెడ్డే. సీటు ఒకటి. హుసేనయ్యను నేలమీద కూర్చోబెట్టి, నడుము కొలిచి, ఈపు వంపు కొలిచి, వాడికి తప్ప ఇంకెవురికీ కుదరనట్టు తొలిచినాను. ఎడంపక్కంతా పలక పరిచి రేకు మూసినాం. అరచెయ్యి పెడితే జారిపొయ్యేది, అంత నునుపు. దాన్ని నిమురుకోని ఎంత మురిసినామో.

ఇప్పుడు తిరుపాలమ్మ సంగతి చెప్పాల. హుసేనయ్య పెళ్ళాం. ఆత్మకూరు పిల్ల. వాళ్ళ అన్న కామయ్యకి ఆడ మోటారు షెడ్డు ఉండేది. పెళ్ళిలోనే అందరి ముందరా, "మా చెల్లెల్ని ఒకరి బండి తోలేవాడికి ఇచ్చినాం, వాడి బతుక్కి సొంత బండి ఎప్పుడుకో" అని ఒక మాట జారినాడు. ఆ పిల్ల మాట పట్టింపు మనిషి. "మా ఆయన సొంత కారులో వస్తేనే మీ గడప తొక్కేది" అనేసి వచ్చింది. నాలుగేళ్ళు పుట్టింటికి పోలా. మొగుడు రోజూ ఆ ఊరికే బస్సు తోలతాడు, ఆయమ్మ మాత్రం పోదు. వాళ్ళమ్మ అప్పుడప్పుడూ బస్టాండుకొచ్చి అల్లుడి చేతికి అరిసెలో, గోంగూర పచ్చడో ఇచ్చి, "నా బిడ్డను కళ్ళతో చూడకుండానే పోతానా నాయనా" అని ఏడ్చేదంట. అందుకే వాడికి ఆ కారు మీద అంత పట్టుదల. కారు తయారయిందనగానే కబురు పంపినాడు, శుక్రవారం మీ బిడ్డ కారులో వస్తా ఉండాది, అన్నం వండి పెట్టమని.

శుక్రవారం పొద్దున తొమ్మిదికి, పైన పట్టాగుడ్డ కప్పి, నేనూ వాడూ నెట్టుకుంటా బస్టాండుకి తెచ్చినాం. ఊళ్ళో మోటారు తెలిసినోళ్ళంతా ఆడనే. నారాయణయ్య, ఇంకో బస్సు డ్రైవరు, ఆయనే పెద్ద. గోపాలయ్య పంతులు బడి మానేసి వచ్చినాడు. హుసేనయ్య పట్టా లాగినాడు. ఇడ్లీ కొట్లో శీనమ్మ చట్నీ గరిటె పైకెత్తింది, దించలా. నారాయణయ్య చుట్టూ ఒకసారి తిరిగినాడు, రెండోసారి తిరిగినాడు. "బండి ఏదిరా?" అన్నాడు. నిజంగానే అడిగినాడు, ఎగతాళికి కాదు. ఆ పాత కారు ఎట్టుండేదో ఆయనకి తెలుసు గదా, ఇది అదేనని మనసుకి ఎక్కలా. తర్వాత ఒక్కొక్కరూ మొదలుపెట్టినారు. ఒకడేమో, "ఎనక ఎవురు కూర్చుంటారు, ఎనకే లేదే" అని. ఇంకొకడు, "దీపాలు కడుపులో దూరినాయి, రాత్రిపూట ఏం చూస్తాది ఇది" అని. "ముక్కు ముందు మలుపు తిరగతాది, మనిషి తర్వాత తిరగతాడు" అని నారాయణయ్య. గోపాలయ్య పంతులు మాత్రం ముక్కు మీద చెయ్యేసి, "అచ్చం బొమ్మేరా, అచ్చం బొమ్మే" అంటా ఉండాడు. హుసేనయ్య అన్నీ ఇంటా నవ్వతా ఉండాడు. నాకు మాత్రం మండతా ఉండాది, ఎనిమిది నెలలు ఊరికే పొయ్యినట్టు మాట్లాడతారేంది వీళ్ళు అని.

అప్పుడొచ్చింది తిరుపాలమ్మ. ఎర్రంచు పచ్చ చీర, తల్నిండా కనకాంబరాలు, చేతిలో గుడ్డమూట, వాళ్ళమ్మకి మా ఉదయగిరి గరిటెలు రెండు ఆ మూటలోంచి బయటికి కనపడతా ఉండాయి. నేనే ఇచ్చినాను. జనం తప్పుకున్నారు. ఆయమ్మ కారు కుడిపక్కకి వచ్చి చూసింది. ఎడంపక్కకి పొయ్యి చూసింది. ఆ నునుపు రేకు మీద చెయ్యి పెట్టింది. తలుపు కోసమని తడిమింది అబ్బయ్యా. లేదు. అప్పుడు మెల్లిగా, "నేనేడ కూర్చోవాల?" అని అడిగింది.

ఎనిమిది నెలలు ఆ కారు ఎవురికోసం చేస్తా ఉండామో, ఆ మనిషికి చోటు పెట్టలా మేం. ఇద్దరం మొగోళ్ళం, కొలతలు కొలిచినాం, గీతలు గీసినాం, ఒక్కరికి తోచలా. హుసేనయ్య మొహం చూడలేకపొయ్యినాను. వాడు ఆ రేకు వైపు మొదటిసారి చూస్తా ఉన్నట్టు చూస్తా ఉండాడు. నేను ఊరుకోవచ్చు గదా, "ఈ రేకు మీద కూర్చోమ్మా, గట్టిగా పట్టుకో, మెల్లిగా తోలతాడు" అన్నాను. ఆయమ్మ నావైపు చూసింది. చెంపదెబ్బ కొట్టినా అంత సిగ్గు పడుండను. నారాయణయ్య, "బస్సులో పోదాం రామ్మా, నేను తోలతా" అన్నాడు. "బస్సులో పోను" అనింది. మొగుడు అప్పటికే సీటులో ఉండాడు. వాడి ముందుకొచ్చి, "దిగు" అనింది.

వాడు దిగినాడు. ఆయమ్మ చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకోని ఎక్కి కూర్చునింది. మూట ఒళ్ళో పెట్టుకునింది. స్టార్టు చేసింది. జనం అప్పుడు అరిచినారు చూడు. ఆడమనిషి మోటారు తోలడం ఆ ఊళ్ళో ఎవురూ చూళ్ళా, ఇన్లా. నాకప్పుడు గుర్తొచ్చింది, రేకు తొడగక ముందు వాడు బండి కింద దూరినప్పుడల్లా పైన కూర్చోని "క్లచ్చి తొక్కు, వదులు, గేరు మార్చు" అంటే తొక్కిందీ మార్చిందీ ఎవురు? ఆయమ్మే. పెరట్లో ముందుకీ ఎనక్కీ ఎన్నిసార్లు కదిలించిందో. అది తోలడమని మాకు తోచలా. కారు కదిలింది. శీనమ్మ అంగడి బెంచీ ఒకటి తగిలి పడింది, అంతే, ఇంకేం కాలా. ఆత్మకూరు రోడ్డు పట్టుకోని పొయ్యింది.

అందరం నారాయణయ్య బస్సెక్కినాం. టిక్కెట్టు లేదు, టైము లేదు. నా చేతిలో ఉలి అట్టనే ఉండాది, ఎందుకు తెచ్చుకున్నానో తెలీదు. దారంతా ఆయమ్మ లేపే దుమ్మే మా మొహాన. హుసేనయ్య ముందర కూర్చోని, అక్కడ ఆయమ్మ గేరు మార్చేకొద్దీ ఇక్కడ బస్సు పలక మీద కాలు తొక్కతా ఉండాడు. "మలుపు, మలుపు, వదులమ్మా" అంటా ఉండాడు. అంత దూరానికి ఎట్టా ఇనపడతాది? దారిలో ఒక పోలీసు రోడ్డు దిగి చేలో నిలబడినాడు. మేం ఆత్మకూరు చేరేతలికి కారు కామయ్య షెడ్డు ముందర ఉండాది. కామయ్య బండి కిందా మీదా చూసి చెల్లెలి మొహం చూసి మళ్ళా బండి చూస్తా ఉండాడు. వాళ్ళమ్మ బిడ్డను వాటేసుకోని, ఏడ్చి, కళ్ళు తుడుచుకోని అటూ ఇటూ చూసి, "అల్లుడేడమ్మా?" అనింది. తిరుపాలమ్మ అందరికీ ఇనపడేట్టు, "చోటు లేదమ్మా" అనింది.

అంతా నవ్వినారు. హుసేనయ్య నవ్వలా. ఆయమ్మా నవ్వలా. ఆ రోజు ఆడనే ఉండిపొయ్యింది, మర్నాడూ ఆడనే. పది దినాలు. వీడు రోజూ బస్సు ఆపి ఆ గడప దగ్గర నిలబడేవాడు, ఆమె చెంబుతో మంచినీళ్ళిచ్చేది, లోపలికి పొయ్యేది. పదకొండో నాడు ఆడనించి కారు తోలుకోని నా దగ్గరికి వచ్చినాడు. "ఎడంపక్క తెరువు" అన్నాడు. "తెరిస్తే అడ్డకర్రలు తెగతాయి, ముక్కు నిలవదు, అంతా ఊడొస్తాదిరా" అన్నాను. "ఊడనీ" అన్నాడు. వాడే గొడ్డలి తీసుకున్నాడు. నేను పొయ్యి ఇంట్లో కూర్చున్నాను, ఆ చప్పుడు ఇనలేక. సాయంత్రానికి కోళ్ళు గుడ్లు పెట్టిన పాత సీట్లు రెండూ మళ్ళా దాంట్లో బిగించినాడు. అది తీసుకోని ఆత్మకూరు పొయ్యినాడు. తిరుపాలమ్మ బయటికి వచ్చి చూసి ఏమనిందో తెలుసా? "అయ్యో, ముక్కన్నా ఉంచకపొయ్యినావా, అదే గదా బాగుండేది" అనింది. గోపాలయ్య పంతులు గాక ఉదయగిరి మొత్తంలో ఆ ముక్కు నచ్చింది ఆయమ్మ ఒక్కదానికే. పక్కన కూర్చోని వచ్చిందిలే. బాగా బతికినారు. ఇద్దరూ పొయ్యినారు, ఆయన ముందు, ఆయమ్మ రెండేళ్ళకి.

నేనా? నేను ఆ శుక్రవారం ఇంటికొస్తే చెంచమ్మ సంగటి పెట్టింది. నేను కుర్చీలో కూర్చోని తింటా ఉండాను, ఆయమ్మ ఎదురుగా నేలమీద. ఆ కుర్చీ నేను చేసిందే. మా నడవలో కుర్చీ అదొకటే. చెక్క ఇంటి నిండా ఉండాది, ఉలి చేతిలో ఉండాది, రెండోది చెయ్యాలని నాకు తోచలా, ఏడాదిన్నర. మర్నాడే మొదలుపెట్టి ఇంకోటి చేసినాను, ఈపు వంపు గూడా కొలిచి. కొలుస్తా ఉంటే, "ఏంది మామా, నాకు పాడె కడతా ఉండావా" అని నవ్వింది. చేసిచ్చినాను. బాగుండాది మామా అనింది, పైన తుండుగుడ్డ పరిచింది, ఎవురన్నా వస్తే కూర్చుంటార్లే అనింది. యాభై తొమ్మిదేళ్ళు కాపురం చేసినాం అబ్బయ్యా, ఒక్కనాడు కూర్చోలా దాంట్లో. నువ్వు కూర్చోనుండేది అదే. లేవబాక, లేవబాక, కూర్చో. కాఫీలో చక్కెర ఎంత ఎయ్యమంటావు?