లారీ బావ సైకిలెక్కినాడు

"తాతా, హాస్టల్లో తిరగడానికి సైకిలు కొనుక్కున్నాను. దాన్ని ఎలా చూసుకోవాలో చెప్పు, ఫోన్లో రికార్డు చేసుకుంటాను."

ఓలమ్మ, సైకిలా! ఎచ్చెర్లలో అంత పెద్ద యూనివర్సిటీలో సదువుతన్నావు, సైకిలు సంగతి సెప్పడానికి నానే దొరికినానేటి నీకు? ఆ ఫోనుని అడిగితే సెప్పదా? సరే, సరే, మూతి ముడవకు. ఇలగ కూకో. కొత్తదా, పాతదా? పాతదా. మరీ మంచిది, కింద పడ్డా ఏడుపు రాదు.

సూడు గుంటా, సైకిలుకి పెద్ద సేవలేటీ అక్కర్నేదు. పొద్దున్నే టైరు నొక్కి గాలి సూసుకో. గొలుసుని పొడిగుడ్డతో తుడిసి, ఒక్కో కణుపుకీ ఒక్కో సుక్క నూనె ఎయ్యి. సుక్కంటే సుక్కే, మీ నాయనమ్మ పప్పులో పోపేసినట్టు పొయ్యకు. ఎక్కువయితే ఈదిలో దుమ్మంతా దానికే అంటుకుంటాది. వానలో తడిస్తే తుడిసీ. ఊగుతన్న నట్టు బిగించీ. అంతే. ఇంకోటి... ఆ, ఇది గట్టిగా గుర్తెట్టుకో. దసరాకి దానికి పసుపు రాస్తే రాయి గానీ, బ్రేకు కాడ మాత్రం రాయకు.

ఎందుకేటి? అద్గదీ. అది సెప్పాలంటే మీ సాలూరు తాత సంగతి సెప్పాలి. అదే, మా అప్ప మొగుడు, నాకు బావ. లారీ డ్రైవరు. సాలూర్లో లారీ డ్రైవరు కానోడు ఎవలున్నారులే అంటావు గానీ, మా బావ లెక్క యేరు. రాయపూరు ఎల్లినా, కలకత్తా ఎల్లినా, ఆ కొండల ఘాటీ రోడ్డు మీద రాత్రీ పగలూ దిగినా, బండికి ఒక్క గీత పడనిచ్చేవాడు కాదు. నాను పోస్ట్‌మేన్ని కదా, కాకీ బట్టలేసుకుని సైకిలు మీద ఊరూరా ఉత్తరాలిచ్చీవోడ్ని. నన్ను సూస్తే మా బావకి ఏళాకోళం. "ఒరే, రెండు సక్రాలదీ ఒక బండేటిరా, మిగతా సక్రాలు ఎవలైనా ఎత్తుకుపోనారేటి?" అనీవోడు. మా పెళ్ళిలో కూడా అందరి ముందూ ఇదే మాట. నాకు కోపమొచ్చీది గానీ, బావ కదా, ఏటంటాను. ఆ రోజుల్లో పంచరేస్తే పావలా తీసుకునీవోరు. ఇప్పుడు పావలా మాట ఎత్తితే పంచరోడు మన మొకం కేసి సూస్తాడు. ఏటి సెప్తన్నాను? ఆ, మా బావ.

ఆయనకి సుగరొచ్చి, సూపు తగ్గిపోనాది. డాక్టరు స్టీరింగు మీద సెయ్యి ఎయ్యొద్దన్నాడు. ఇంక సూడు. వీధరుగు మీద నులకమంచం ఏసుకుని పడుకునీవోడు. రోడ్డు మీద లారీ ఎల్తే సప్పుడు బట్టి తిట్లు. "ఎదవ, గేరు మార్సడం నేదు సూడు. ఇంజను ఏడుస్తన్నాది, ఆడికి ఇనబడతందా?" ఆ లారీవోడికేటి తెలుస్తాది పాపం, ఆడి దారిన ఆడెల్లిపోతాడు. తిట్టడానికి లారీ నేపోతే మా అప్పే. కూరలో ఉప్పు తక్కువంటాడు, ఏస్తే ఎక్కువంటాడు. డాక్టరేమో నడవమన్నాడు. "నడవడానికి నానేటి క్లీనర్నా?" అంటాడు. రాన్రానూ మాటలు తగ్గిపోనాయి. కూడు కూడా మంచం మీదికే. అది సూసి నాకు బెంగెట్టుకుంది తల్లీ. తిట్టే మనిషి తిట్టడం మానీస్తే మంచిది కాదు.

ఒకనాడు మా అప్ప ఫోను సేసి, "ఒరే తమ్ముడూ, మీ బావని ఎక్కడికైనా తీసుకెల్లి దించీరా నాయినా, నావల్ల కాదు" అన్నాది. నవ్వుతా అన్నాది గానీ గొంతు నవ్వుతా నేదు.

ఇశాకపట్నంలో వాళ్ళ అమ్మాయి ఉన్నాది కదా, అదే ఆలోసించి ఒక సైకిలు పంపించింది. గేర్లున్న సైకిలు. గేర్లుంటే నాన్న ఎక్కుతాడని ఆ పిల్లకి బాగా తెలుసు. మా బావ మూడ్రోజులు దాన్ని ముట్టుకోనేదు. నాలుగోనాడు నాను ఎల్లేసరికి దాని సుట్టూ తిరుగుతన్నాడు, పెళ్ళిసూపుల్లో లాగ. "ఒరే, ఇన్ని గేర్లా? మన బండికి కూడా ఇన్ని నేవు కదరా" అన్నాడు. సరే, సేప సిక్కినట్టే అనుకున్నాను.

ఆయనొక్కడూ ఎక్కడు కదా, తోడు కావాలి, పక్కూర్లో ఉన్నోడ్ని నానే. నా పాత నల్ల సైకిలు ఉన్నాది కదా, సాలలో దూలానికి ఏలాడదీసి ఏళ్ళయిపోనాది. దించినాను. ఒక పిచిక దాని సీటు కింద గూడెట్టుకుంది. అయ్యో, ఎవలూ నేరులే గూట్లో, కాళీయే. గొలుసు కిరసనాయిల్లో నానబెట్టినాను, ఇరుసుల్లో గోళీలు కడిగి గ్రీజు పెట్టినాను, టైర్లు కొత్తవి ఏయించినాను. అంతా అయ్యేక ఎక్కితే... సైకిలు తొక్కడం మర్సిపోరంటారు కదా. మర్సిపోరు. దిగడం మర్సిపోతారు. నాను దిగలేక మీ నాయనమ్మ తులసికోట సుట్టూ తిరుగుతన్నాను, అది "ఎన్ని ప్రదచ్చినాలు సేస్తావు, పున్నెం సాల్లే" అంటాది. రాత్రికి తొడలు పట్టీసి మంచం దిగలేకపోనాను. నవ్వు, నవ్వు. నీకూ వస్తాదిలే నొప్పి.

మరి మా బావ సంగతి సూడాలి. సైకిలెక్కినా ఆయన ఎక్కింది లారీయే. బయల్దేరే ముందు సిన్న ఇనపరాడ్డు తెచ్చి రెండు టైర్ల మీదా టంగు టంగుమని కొట్టి గాలి సూస్తాడు. హేండిలుకి నిమ్మకాయలు, మిరపకాయలు. రెండు పక్కలా నల్ల కుచ్చులు. నన్ను ముందు ఎల్లనివ్వడు, నాను క్లీనర్నట. "ఒరే, ఎనక సూడ్రా, బస్సొస్తందా? రైట్ రైట్ అనరా" అంటాడు. బడ్డీ కాడ టీకి ఆగితే సైకిలు సక్రానికి ఎనక రాయెట్టి మరీ దిగుతాడు. "బావా, ఇది స్టాండు మీద ఉన్నాది, పల్లానికి జారిపోదు" అంటే ఇనడు. టీ తాగీసి ఎల్లినప్పుడు ఆ రాయి తియ్యాల్సింది క్లీనరే, అంటే నానే. అంత ఉజ్జోగం సేసి రిటైరయి, ఆకరికి నాకు దొరికిన పని అదీ.

ఏడిపించడం అలగుంచు. మనిషి మారిపోనాడు గుంటా. పొద్దున్నే లేసి తయారు. సుగరు తగ్గిందన్నాడు డాక్టరు. కూర ఎలగున్నా తినీసేవాడు. అరుగు మీద మంచం ఎత్తి గోడకి సేరేసీసినాది మా అప్ప. అలాగని ఆవిడ సైకిల్ని మెచ్చుకుందనుకుంటున్నావా? "ఆ దరిద్రపు సైకిలు, ఎక్కడ పడతాడో, ఎవలు సెయ్యాలి?" అని రోజూ సణుగుడే.

అప్పుడు దసరా వచ్చినాది. సాలూర్లో దసరా అంటే నీకు తెలీదేటి, లారీలకి పండగ. కడిగి, పూలదండలేసి, పసుపూ కుంకం బొట్లెట్టి, సక్రాల కింద నిమ్మకాయలెట్టి, గుమ్మడికాయ కొట్టి బండి ముందుకి పోనిస్తారు. ఏ ఏడాదీ మా బావ ఆ పూజ మానినోడు కాదు. ఆ ఏడు లారీ నేదు. నాకు ముందే తెలుసు, ఆయనకి మనసు బాగోదని. ఎల్లి సూద్దును కదా, మా బావ కొత్త పంచె కట్టి సైకిలుకి తలంటు పోస్తన్నాడు. నువ్వులనూనెలో పసుపు కలిపి గిన్నెడు రాసినాడు. ఆ సైకిలుకి బ్రేకులు మన సైకిళ్ళలాగ ఉండవు. సక్రం మద్దిన మెరిసే రేకు పళ్ళెమొకటి ఉంటాది, దాన్ని రెండు ముక్కలు అటూ ఇటూ పట్టుకుంటే బండి ఆగుతాది. ఆ పళ్ళెం సూసి మా బావ, "ఇంత ముచ్చటగా ఉన్నాది, దీనికి బొట్టెట్టకపోతే ఎలగరా?" అనీసి ముందుదానికీ ఎనకదానికీ మెత్తి మెత్తి రాసినాడు. నాకూ తట్టనేదు. తట్టినా ఆ మొకం సూసి ఆపీవోడ్ని కానేమో, అంత కళగా ఉన్నాడు.

గుమ్మడికాయ కొట్టినాము, నిమ్మకాయలు తొక్కించినాము. లారీల ఎనకాలే మా ఊరేగింపు. వంతెన దిగుడు కాడ పల్లం. మా బావ బ్రేకు నొక్కితే ఎక్కడాగుతాది, నూనె రాసిన పళ్ళెం మీద ముక్కలు జారిపోతన్నాయి. "ఒరే, బ్రేకు నేదురా!" అని ఒక్క కేక. ఎదర జనం. లారీ బుర్ర కదా, మనుషుల మీదికి పోనివ్వడు, హేండిలు పక్కకి కోసీసినాడు. అక్కడ ఒకావిడ రోడ్డు మీద మొక్కజొన్న ఎండబెట్టుకుంది. తిన్నగా ఆ రాశిలోకే. ఆవిడ శాపనార్దాలు, గింజలు రోడ్డంతా, మద్దిన మా బావ పూలదండతో సహా. మోసెయ్యీ మోకాలూ సెక్కుకుపోనాయి, అంతకన్నా ఏటీ కానేదు.

దెబ్బ అది కాదు. పాత డ్రైవర్లు సుట్టూ సేరినారు కదా, ఎవడో అన్నాడు, "ఘాటీ దిగిన మొనగాడు, వంతెన దిగలేకపోనాడ్రా" అని. అందరూ నవ్వీసినారు. నానూ నవ్వీవోడ్నే. గానీ మా బావ సైకిలు లేపుకుని ఇంటి దాకా నడిపించుకుంటా ఎల్లిపోనాడు. గోడకి సేరేసిన మంచం తనే దించుకుని పడుకున్నాడు.

మర్నాడు నాను ఆ సక్రం తిప్పి సూస్తే ఏలుకి పసుపు అంటుకుంది. అప్పుడెలిగింది బుర్ర. సబ్బుతో కడిగినాను, స్పిరిటుతో తుడిసినాను. ఆ ముక్కలు నూనె తాగీసినాయి, ఎంత రాపినా పనికిరానేదు, కొత్తవి ఏయించినాను. ఎల్లి సెప్పినాను, "బావా, నీ తప్పు నేదు, నూనె పసుపుదే తప్పు." "ఎవలదయితే ఏటిరా, పడ్డోడ్ని నానే కదా" అన్నాడు, అటు తిరిగిపోనాడు. అమ్మాయి ఫోన్లో ఏడుపు, ఆ సైకిలు అమ్మీ, అమ్మీ అని. "అమ్మీండి" అన్నాడు మా బావ. దెబ్బలాడతాడనుకున్నాను. ఆ సైకిలు ఎల్లిపోతే ఈ మనిషి ఆ మంచం దిగడు, అది నాకు తెలుసు. ఎంతోకాలం ఉండడు కూడా.

ఈది సివరోడు కొనుక్కుంటానని వచ్చినాడు. మా అప్ప గుమ్మంలో నిలబడి ఉన్నాది. రోజూ తిట్టినాది కదా, ఎదురు డబ్బులిచ్చయినా పంపించీస్తాదనుకున్నాను. అప్ప ఆ మనిషితో ఏటన్నాదో తెలుసా?

"నాయినా, నా పెళ్ళయిన కాడ్నించీ ఈ మనిషి ఎల్తే ఎప్పుడొస్తాడో తెలీదు. రాయపూరంటాడు, కలకత్తా అంటాడు. అమ్మాయి పుట్టిననాడు కూడా ఎక్కడున్నాడో తెలీదు. ఏ లారీ పడిపోనాదన్నా గుండె సేత్తో పట్టుకుని రోడ్డు మీదికి పరిగెట్టీదాన్ని. ఇప్పుడు పొద్దున్నే ఎల్తాడు, ఇడ్లీ సల్లారేలోపల వచ్చీస్తాడు. ఎల్లి, వచ్చీసే మొగుడు నాకిన్నాళ్ళకి దొరికినాడు. దాన్ని నాను అమ్ముతానా?"

ఆ మనిషి సెప్పులేసుకుని ఎల్లిపోనాడు. మంచం మీద మా బావకి అంతా ఇనబడింది. లేసి కూకున్నాడు. అప్ప కేసి సూడనేదు, నా కేసీ సూడనేదు, పై కండువాతో మొకం తుడుసుకున్నాడు. నాను జీవితంలో అందర్నీ ఏడిపించినోడ్ని గుంటా, ఆ పూట నాకే కళ్ళంట నీళ్ళొచ్చీసినాయి, సెప్పడానికి సిగ్గేటి.

నువ్వూ ఎల్లు తల్లీ. ఆ ఎచ్చెర్లంతా తిరుగు, ఇంకా దూరం కూడా తిరుగు, సక్రాలు సల్లగుండాలి నీవి. గానీ అమ్మ ఎదురు సూస్తాది, బేగి వచ్చీ. ఆ... ఇంకేటి... అంతే మరి...