భోజనాలకు ముందే అయిపోయింది

అమెరికాలోని వెర్మాంట్ కొండల్లో ఒక చిన్న ఊరి బడి. మార్చి నెల, ఏటా ఊరివాళ్ళంతా చేరి చేతులెత్తి ఓట్లేసే సభ రోజు. బడి వంటగదిలో గరిటె పట్టుకుని కోరిన్. హాల్లోంచి అప్పుడే వచ్చిన ఆమె భర్త డ్వైట్.

"అయిపోయిందంటే?"

"ఓటింగైపోయింది, కోరిన్. బడి మూసేస్తారు. మూడు చేతుల తేడా."

"జోకులెయ్యకు. అది భోజనాలయ్యాక కదా!"

"ఫైరింజన్ సంగతి చెప్పాల్సినాయన రాలేదు. బడిది ముందుకు జరిపారు."

"మేమిక్కడుండగానా? ఏడుగురు తల్లులం ఇక్కడే ఉన్నాం డ్వైట్! ఈ బడికి చందాల కోసమే పొద్దున్నుంచీ బీన్స్ ఉడకేస్తున్నాం. దీన్ని మూసేసేవాళ్ళకా వండిపెట్టింది?"

"ఫ్యాను మోతలో మీకు వినపళ్ళేదు."

"నీకు కాళ్ళు లేవా? వచ్చి పిలవచ్చుగా?"

"అంతా గబగబా..."

"గబగబా ఏంటి, గబగబా?"

"సభ నడిపే ఎల్విన్ లెక్క చదివాడు. ఒక్కో పిల్లకి ఏడాదికి నలభై ఒక్క వేల డాలర్లట. హాలంతా గొణుగుడే."

"పిల్లలు తగ్గితే అంతే మరి! పదమూడు మందికైనా, ముప్ఫై మందికైనా బాయిలర్ అదే, బస్సు అదే, జీతాలవే."

"అవన్నీ పన్నుల్లోంచే కదా. మన ఇంటి పన్ను కూడా..."

"మన పన్ను సంగతి ఇప్పుడెందుకు? మన టెస్‌ని గంటసేపు బస్సులో కూచోబెడతావా, ఆ మంచులో, కొండ దిగి కింది ఊరి బడికి? ఏడేళ్ళ పిల్ల!"

"అక్కడ దాని ఈడు పిల్లలుంటారు. ఇక్కడ దాని క్లాసులో అదొక్కతే."

"నువ్వేంటి, వాళ్ళ తరఫున మాట్లాడుతున్నావు?"

"మాట్లాడట్లేదు. ఊరికే అన్నా."

"ఇదిగో, ఈ గరిటె పట్టు. మళ్ళీ ఓటు పెట్టమని అడిగొస్తా."

"నువ్వడగలేవు. మూసెయ్యమని చెయ్యెత్తినవాళ్ళే అడగాలి. అదీ తర్వాతి విషయం మొదలవకముందే. రూలు."

"గెలిచినవాళ్ళు ఎందుకడుగుతారు! పేర్లు చెప్పు, వెళ్ళి కాళ్ళు పట్టుకుంటా. స్టర్జిస్?"

"ఎత్తాడు. చచ్చినా అడగడు."

"బెర్నీస్ పిన్ని?"

"ఎత్తింది. ఇంటికెళ్ళిపోయింది కూడా."

"ఇంకెవరు? చెప్పవేం? కిటికీలోకి కాదు, నన్ను చూసి చెప్పు."

"పన్ను కట్టలేక మన పై మేత బీడు అమ్ముకోవాలేమోనని... ఆటల టైములో టెస్ ఒక్కతే గోడకి బంతి కొట్టుకుంటోంది, కోరిన్... ఎల్విన్ ఆ లెక్క చదివేసరికి..."

"ఎవరు, డ్వైట్?"

"నేనే."

"ఆ గరిటె అక్కడ పెట్టు."

"ఏదో ఒకటి అను."

"ఇంటికెళ్ళాక అంటా. తెల్లారేదాకా అంటా. ఇప్పుడు పద లోపలికి. అడిగే హక్కున్నవాడు నాకు దొరికాడు."