బీన్సు ట్రేలో కొసరు

కంపెనీ షెడ్డు కాడ నీ సరుకు నేను రిజెక్టని రాసినానని మూడు రోజులుగా అలకేటత్తా? బీన్సు ట్రేలో పచ్చిమిరపకాయలు ఎవరైనా పెడతారేటి? అదీ రెండు దోసిళ్లు! ఇంకా నయం, పైన బంతిపువ్వు పెట్టినావు కాదు.

కొసరంటావు. తెలుసులే. సంతలో నీ కొసరు కోసమే జనం మూగేవారు. కుంచం నిండి పొర్లిపోయినా నీ చెయ్యి ఊరుకునేది కాదు, ‘పిల్లలకి’ అని ఇంకో గుప్పెడు వేసేదానివి. కంపెనీకి పిల్లలెక్కడున్నారత్తా?

ఆ ట్రే లారీ ఎక్కి వైజాగ్ పోతాది. అక్కడ ఏసీ షాపులో కవర్లలో పెడతారు. అన్నీ ఒకటే పొడుగు, ఒకటే రంగు. వంకరదైతే, ఇదిగో నీ మూతిలాటిదైతే, పక్కకి తీసేస్తారు.

అదిగో, నవ్వినావు! అటు తిరిగినా కనబడిందిలే.

నవ్వుకి కాదు గానీ, నీకిది రెండోసారి. అప్పుడు అల్లం ముక్క, ఇప్పుడు మిరపకాయలు. మూడోసారైతే కార్డు తీసేస్తారు, ఇంక నీ సరుకు కొనరు.

సంతకే పోతావా? పో మరి. కంపెనీ వచ్చినకాడ్నించి షావుకార్లు కొండెక్కడమే మానేసినారు. మొన్న శుక్రవారం మన గంగ పొద్దుగూకేదాకా కూచుని, క్యాబేజీలన్నీ మేకలకి పడేసి వచ్చింది. నీ అరెకరం బీన్సు కోతకొచ్చేసింది. ముదిరిపోతే ఎవరిక్కావాలి?

రేపు బేగి లేసి ట్రేలు నేనే నింపుతాను. నువ్వు చేతులు కట్టుకుని కూచో. కట్టుకోగలవా?

ఏటి, అలా చూస్తావేటి? మిరపకాయల సంగతి కాదంటావా?

...సరే.

ఆవేళ ఆ మిరపకాయలు నేనే ఏరేసుండొచ్చు. ఎంతసేపు పని? కానీ మేనేజరు లక్ష్మీప్రసాద్ గారు నా పక్కనే నిలబడి ఉన్నారు. పనిలో పెట్టుకున్న కొండ పిల్లలు సొంతోళ్ల సరుకైతే కళ్లు మూసుకుంటారని ముందురోజే అన్నారాయన. నేను అలాటిదాన్ని కాదని చూపించాలనిపించింది.

అందుకే నీ మొహంలోకి చూసి, ‘మీ పేరేటమ్మా?’ అని అడిగినాను. అమ్మ పోయినకాడ్నించి చంకనేసుకుని పెంచినదానివి, నిన్నడిగినాను.

నువ్వు ఒక్క క్షణం చూసినావు. ఆయనకేసి చూసినావు. నన్నెన్నడూ ఎరగనట్టే, ‘సోములమ్మండి’ అన్నావు.

ఒక్క తిట్టు తిట్టినా బాగుండేదత్తా.