బాసో పేరు మీద

అది కాదండీ, మట్టిలో పెట్టి పదకొండు నెలలైంది, ఇంకా మిమ్మల్ని పడుకోనివ్వరేం ఈ మకస్సర్ ఊళ్లో? రేపు సాయంత్రం అసర్ నమాజయ్యాక మసీదు అరుగు మీదికి మీరు రావాలట. మన బైకుల సంఘం పెద్ద హాజీ మప్పా కబురు పెట్టాడు, మీరు లేరని తెలీక.

ఉండండి, ముందు నీళ్లు పోయనీయండి. ఎండకి గోరీ ఎలా నెర్రెలిచ్చిందో.

మన బైకు టాక్సీలకి కంపెనీ లేదు, పైన దొర లేడు, మనకి మనమే సాక్ష్యం అని మురిసిపోయేవారు కదా మీరు. పొద్దున్నే స్టాండులో పక్కవాడు మొహం చూసి, ‘వీడు వీడే’ అని ఫోన్లో నొక్కితేనే బండి కదలాలి. మీ నలభయ్యో రోజు దాటాక మీ హెల్మెట్ పెట్టుకుని నేను వెళ్లాను. అందరూ నేల చూపులు చూశారు. చూస్తూనే నొక్కారు, బాసో వచ్చాడని.

నా పేరు మీదే చేరొచ్చుగా అంటారా? లైసెన్సేదీ నాకు?

ఎక్కినవాళ్లు అడక్కపోలేదు. “ఫోటోలో మీసముందే, అక్కా?” అంటే, “ఎండకి రాలిపోయిందమ్మా” అనేదాన్ని. ఆడపిల్లలు నవ్వి, హమ్మయ్య అనుకుని ఎక్కేవారు. అల్లా ఎరుగు, ఒక్కరినీ గుమ్మం దాకా దింపకుండా వెనక్కి తిరగలేదు.

మరి ఈ పంచాయితీ ఏమిటంటారా? మన స్టాండులో రుస్దీ జ్వరమొచ్చి, బండీ ఫోనూ బావమరిది చేతిలో పెట్టాడు. ఆ బావమరిది ఓ నర్సమ్మని ఎక్కించుకుని, ఆవిడ సందు దాటించి రేవు వైపు పోనిచ్చాడట. ఆవిడ దూకేసింది. చెయ్యి విరిగింది, ప్రాణం దక్కింది.

ఆ పొద్దున ‘వీడు రుస్దీయే’ అని నొక్కిన సాక్షి ఎవరనుకున్నారు? బాసో. మీరేనండీ.

స్టాండులో వాళ్లు, బాసో ఊరెళ్లాడని చెప్పేద్దాం వదినా అంటున్నారు. మంచివాళ్లే పాపం. ఆ మంచితనంతోనే ఇంతదాకా వచ్చింది.

మీకొక్కరికే చెబుతున్నాను. నేను చూశాను. హెల్మెట్ కింద ఉన్నది రుస్దీ కాదని నాకు తెలుసు. కాదని ఏ మొహం పెట్టుకుని అనను?

రేపు చెప్పేస్తానండీ. మీ పేరు కొట్టేస్తారు. నాకా, ‘ఈమె ఈమే’ అని నొక్కే సాక్షి ఒక్కడుండడు.

అదిగో, మోగుతోంది మీ ఫోను. ఎవరో బండికి బాసో కావాలంటున్నారు. ఇన్నాళ్లూ మీ బదులు నేను పలికాను. ఇవాళ మీరే పలకండి.